బీజము సిద్ధమగుట



ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను నేను. చదివినది వ్యాకరణము, కావ్యములు, కొంత ధర్మశాస్త్రము. ప్రకృతిశాస్త్రము నా విద్య కాదు. అట్టివాడను ఈ సాయంకాలము ప్రాణుల పుట్టుకలోని యొక సూక్ష్మవిషయమును గూర్చి మాటలాడ సాహసించుచున్నానన్న, అందులకు మా యూరి వృద్ధు డొకడు వేసిన ప్రశ్న కారణము.

ఆయన వరుసకు నాకు బావ. మంచి సేద్యగాడు. రెండు ముఱ్ఱా గేదెలను సాకుచున్నాడు. అందొకటి మూడుమాఱులు ఎదకు వచ్చినది. మూడుమాఱులును సూది వేయించినాడు. మూడుమాఱులును అది చూడి కట్టక తిరగపొర్లినది. ఒకనాటి ప్రొద్దుట మా యరుగుమీద గూర్చుండి, "ఏం బావా, ఆ గోపాలమిత్ర కుఱ్ఱాడు పొద్దున ఎదకొస్తే సాయంత్రం సూదంటాడు, సాయంత్రం ఎదకొస్తే తెల్లవారి సూదంటాడు. ఆ విత్తనం మంచుకన్నా చల్లటి డబ్బాలో ఏళ్ల తరబడి ఉంటుందని వాడే చెప్పాడు. అన్నేళ్లు ఆగిన విత్తనానికి ఒక్కపూటతో తేడా ఏమిటి?" అని యడిగినాడు.

నాకు సమాధానము తోచలేదు. "పదునైనప్పుడే గదా విత్తవలెను" అని చేతికందిన న్యాయమొకటి చెప్పి పంపితిని. ఆయన తృప్తి చెందలేదు, నేనును చెందలేదు. పశువైద్యమున చిరకాలము పనిచేసిన మిత్రుడొకరు కొన్ని పుస్తకము లిచ్చిరి. కళాశాలలో జీవశాస్త్రము బోధించు మా తమ్ముని కుమార్తె వానిని నాకు నాలుగు నెలలపాటు చదివి చెప్పినది. ఆ విన్నదానినే మీకు విన్నవించెదను. ఇది గర్భోత్పత్తిని గూర్చిన మాట. బహిరంగముగ బలుక కొందఱు సంకోచింతురు. మన వైద్యశాస్త్రకర్తలు సంకోచింపలేదు. పాడిపశువులను సాకుచు, బిడ్డల పెండ్లిండ్లు చేయుచు, ఊరి తగవులు తీర్చుచు నుండు మనకును సంకోచము తగదు.

నేను పెరిగిన భావ మేమనగా: పురుషునిది బీజము, స్త్రీ క్షేత్రము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున ఈ రెంటిలో నేది ప్రధానమను చర్చ కలదు. అచట సామాన్యముగ బీజమునకే ప్రాధాన్య మీయబడినది. ఏ విత్తు విత్తిన నదియే మొలచునుగాని, పొలమునుబట్టి వడ్లు జొన్నలు కావు గదా యని తాత్పర్యము. గురువులు ఈ ఘట్టము చెప్పినప్పుడు నాకెట్టి సందేహమును కలుగలేదు. బీజము పురుషునియందే సర్వాంగసంపూర్ణముగ సిద్ధమై బయలుదేరుననియు, క్షేత్రము దానికి చోటును తడియు నిచ్చునదేననియు నమ్మితిని. సుశ్రుతాచార్యులు మాత్రము శారీరస్థానమున గర్భమునకు నాలుగు కావలెనని చెప్పిరి: ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము. అంబువనగా పోషకమైన రసము. ఆ నాలుగవదానిని నే నంత లెక్కసేయలేదు. నేడు చెప్పబోవు కథ యంతయు ఆ రసమునకు సంబంధించినదే. ఇంతమాత్రమున సుశ్రుతుల కీ సంగతు లన్నియు ముందే తెలియునని నేను చెప్పుటలేదు. అట్లు చెప్పువారి యెడ నాకు గౌరవము లేదు. సూక్ష్మదర్శిని లేనిదే కానరాని వస్తువును వారు కన్నులజూచి చెప్పిరనుట వారికి మర్యాద కాదు.

ఆ వస్తువును మొట్టమొదట వర్ణించినది హాలండుదేశమున డెల్ఫ్టు పట్టణమునందుండిన లీవెన్‌హుక్ అను వర్తకుడు. అది 1677వ సంవత్సరము. తాను స్వయముగ నూఱి చేసిన అద్దమునుండి చూడగా, శుక్రమునందు తోకలుగల ప్రాణులవంటివి లెక్కకుమించి యీదుచుండెను. మనుష్యుని శుక్రకణము పొడవు మిల్లీమీటరులో ఇరువదవ వంతు. అందు తల అతిస్వల్పము, తక్కినదంతయు తోక. ఆవల నూటయేబది సంవత్సరములకు, 1827లో, ఫాన్ బేర్ అను పండితుడు కుక్కయందు అండమును కనుగొనెను. 1876లో హెర్ట్‌విగ్ అనునతడు సముద్రమునందలి ముండ్లజీవి యొకదాని యండములోనికి శుక్రకణము ప్రవేశించి, రెంటి కేంద్రములును ఏకమగుటను వర్ణించెను. అంతటితో రహస్య మంతయు తేలినట్లే లోకము భావించినది.

కాని యొక చిక్కు మిగిలెను. ఆ సముద్రజీవి యండములను శుక్రకణములను ఒక గాజుపాత్రలో ఉప్పునీట గలిపిన, క్షణములలో ఫలదీకరణ మగును. కుందేలువంటి పాలిచ్చు జంతువులయందు అట్లు చేయజూచిన కాలేదు. 1878లో వియన్నాయందు షెంక్ అనువాడు ప్రయత్నించెను. తరువాత డెబ్బదియేండ్లకుపైగా పలువురు ప్రయత్నించిరి. కొందఱు అయినదని చెప్పుకొనిరి గాని ఇతరులు నమ్మదగిన నిదర్శనము చూపలేకపోయిరి. అండము మంచిది, శుక్రకణములు చుఱుకుగ నీదుచున్నవి, రెండును ఒకేచోట నున్నవి, అయినను కలియవు. ఎందుచేత?

సమాధానము 1951లో వచ్చినది. రెండు ఖండములయందు ఇరువురు, ఒకరి పని యొకరిది కాకుండ, ఒకే సంగతిని కనిపెట్టిరి. ఒకరు చైనాయందు జన్మించి, ఇంగ్లండున చదివి, అమెరికాయందు మసచూసెట్సు రాష్ట్రమున పనిచేయుచుండిన ఎం. సి. చాంగ్. రెండవవారు ఆస్ట్రేలియాదేశపు సి. ఆర్. ఆస్టిన్. చాంగుగారు కుందేళ్లను తీసికొనుటలో నొక సౌకర్యము కలదు. ఆడుకుందేలునకు అండము తనంతట విడుదల కాదు. మగదానితో కలిసిన సుమారు పది గంటలకు విడుదలయగును. కాబట్టి వేళను ముందే లెక్కింపవచ్చును. ఆయన శుక్రకణములను సరిగా అండము విడుదలయగు సమయమునకు, అండము వచ్చెడి నాళములోనికే పంపెను. ప్రయాణపు శ్రమ లేదు, దూరము లేదు. తిన్నగా పెండ్లిపందిటిలోనే దింపినట్లు. అయినను ఫలదీకరణము జరుగలేదు. అదే కణములను కొన్ని గంటలు ముందుగా ఆడుదాని శరీరములోనికి పంపియుంచిన, అండములు ఫలించినవి. కుందేళ్లయందు ఇందుకు ఆఱుగంటలవఱకు పట్టునని తేలెను. ఆస్టినుగారు ఎలుకలయందు ఇట్టిదే చూచిరి. మఱుసటి సంవత్సరము, 1952లో, ఆస్టినుగారే ఈ మార్పునకు కెపాసిటేషన్ అని పేరిడిరి. నేను దీనిని సంసిద్ధి యని వ్యవహరించెదను.

అనగా పురుషశరీరమునుండి బయలుదేరిన బీజము సిద్ధముగ లేదు. అది స్త్రీశరీరమునందలి రసములలో కొన్ని గంటలు గడపినపిమ్మటనే సిద్ధమగుచున్నది. ఇది వినినపుడు నేను మా తమ్ముని కుమార్తెను మఱల చదువుమంటిని.

ఈ మాఱుపా టేమిటి? ఎచట జరుగును? ముఖ్యముగ కణముయొక్క పైపొరయందు. కాబట్టి పొర యననేమో కొంచెము నిదానముగ జెప్పవలెను.

ప్రతి జీవకణమునకును చుట్టును ఒక పలుచని పొర యుండును. దాని మందము మన తలవెండ్రుక మందములో సుమారు పదివేలవ వంతు. అది గింజమీది పొట్టువలె గట్టిది కాదు. క్రొవ్వుపదార్థములు రెండు వరుసలుగ పేరుకొని యేర్పడినది. వేడిపాలమీద మీగడ యెట్లు తేలుచు కదలుచు నుండునో ఆ పొరయు నట్లు మెత్తగ కదలుచుండును. ఆ క్రొవ్వునడుమ అచ్చటచ్చట మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, పొదుగబడి యుండును. కొన్ని ద్వారములవంటివి, కొన్ని తాళములవంటివి. ఆ క్రొవ్వులోనే కొలెస్టరాల్ అను మఱియొక పదార్థము కలదు. ఈ పేరు మీలో చాలమందికి వైద్యు డిచ్చిన రక్తపరీక్ష కాగితమునుండి తెలిసియే యుండును. అది కణమునకు శత్రువు కాదు. పొరకు బిగువు నిచ్చునది. మార్గశిర మాసమున నేయి పేరుకొని గట్టిపడినట్లు, కొలెస్టరాల్ మెండుగనున్న పొర బిగిసి యుండును. అది తగ్గిన సడలి, పలుచబడి, కదలిక హెచ్చును.

శుక్రకణమునకు ఒక వింతస్థితి కలదు. తక్కిన కణములవలె క్రొత్త సామగ్రిని తనలో తయారుచేసికొను శక్తి దానికి ఇంచుమించు లేదు. బరువు తగ్గించుకొనుటకై ఇంటిలోని సామానంతయు పాఱవైచి ప్రయాణమైన బాటసారి వంటిది. కాబట్టి దాని పొరకు కావలసిన మార్పులన్నియు బయటనుండి, దారిలోని రసములవలననే జరుగవలెను. వృషణములలో పుట్టినపుడు అది ఈదనుగూడ నేరదు. వృషణములను అంటియున్న చుట్టలుచుట్టిన సన్నని నాళమొకటి కలదు, ఎపిడిడిమిస్ అందురు. అందు, జంతువునుబట్టి, కొన్నిదినములు మొదలు రెండువారములవఱకు సాగుచు పొరపై క్రొత్త ప్రోటీనులను పొంది ఈదగల సామర్థ్యమును గడించును. పిమ్మట వెలువడునప్పుడు శుక్రద్రవమునందలి మఱికొన్ని పదార్థములు దానిని కప్పును. ఈ కప్పు పనియేమి? తొందరపడకుండ నాపుట. చాంగుగారే 1957లో ఈ సంగతి చూపిరి: సంసిద్ధినందిన కణములను తీసి మఱల శుక్రద్రవములో నుంచిన, అవి అండమును ఫలింపజేయు శక్తిని కోల్పోయెను. అట్టివానిని మఱల ఆడుదాని శరీరములోనికి పంపిన శక్తి తిరిగి వచ్చునని తరువాత తెలిసినది.

ఇక స్త్రీశరీరములోనికి రండు. మొదట ఆ పైకప్పు ఊడిపోవును. అచటి రసములలో ఆల్బుమిన్ అను ప్రోటీను కలదు. అది పొరలోని కొలెస్టరాలును పట్టి బయటికి లాగికొనిపోవును. పొర సడలును. సడలగనే అందు పొదిగియున్న ప్రోటీనులు ఒకచోటనుండి యొకచోటికి జరుగును. తల ముందుభాగమునకు చేరవలసినవి అచటికి చేరును. ఎపిడిడిమిసునందు చాల తక్కువగనుండిన బైకార్బొనేటు అను లవణము (మనము వంటలో వేయు సోడాయుప్పు ఆ జాతిదే) ఇచట సమృద్ధిగ నుండి కణములోనికి జొచ్చును. దానివలన కణములోపల కొన్ని యంత్రములు మేలుకొనును. పొర లోపలివరుసలోని క్రొవ్వులు కొన్ని వెలివరుసకు తిరుగును. సున్నపు ధాతువైన కాల్షియమును లోనికి విడుచు ద్వారములు తెఱచుకొనును. తోకయందు అట్టి ద్వార మొకటి కలదని 2001లో కనుగొనిరి. అది లేని మగయెలుకలకు సంతానము కలుగదు.

కాల్షియము లోన బ్రవేశింపగనే నడక మాఱును. అంతవఱకు తిన్నగ, సమముగ నీదుచున్న కణము ఒక్కసారిగ తోకను కొరడావలె విసరుచు వంకరలు తిరుగుచు కొట్టుకొనును. చూచువారికి దారితప్పినట్లు తోచును. నిజమునకు ఈ విసరువలననే నాళపుగోడను వదలించుకొని, జిగురైన రసమును చీల్చుకొని, అండముచుట్టు నుండు దళసరి కవచములోనికి దూరగలుగుచున్నది.

ఇందులో రెండవ యంశము తలమీది టోపీ. శుక్రకణపు తలముందు, పైపొర క్రింద, చిన్నసంచి యొకటి టోపీవలె నుండును; ఆక్రోసోమ్ అని దాని పేరు. సంసిద్ధి కానంతవఱకు సంచిపొరయు కణపు పైపొరయు వేఱువేఱుగ నుండును. పైపొర సడలినపిమ్మట, కాల్షియము మిక్కిలి హెచ్చినపుడు, ఈ రెండుపొరలును పలుచోట్ల నొకదానితో నొకటి అతుకుకొని చిల్లులు పడి, సంచి పగిలి, లోని పదార్థములు బయటపడును. కవచమును తాకినపిమ్మటనే టోపీ పగులునని పూర్వము అందఱు బోధించిరి. ఎలుకలయందు చాలవఱకు తాకకముందే ఆరంభమగుచున్నదని 2011లో జపానువారు చూపిరి. శాస్త్రగ్రంథమున ఇట్లు నిన్నటిమాటను నేడు దిద్దుకొనుట చూచి నాకు సంతోషము కలిగినది. వ్యాకరణమున మే మంత సులభముగ దిద్దుకొనము.

టోపీ పగులుటవలన మఱియొక లాభము కలదు. అంతవఱకు దాగియుండిన ప్రోటీను ఒకటి తలమీదికి వచ్చి నిలుచును. దానిని 2005లో జపానుదేశపు ఒసాకా విశ్వవిద్యాలయమువారు కనుగొని, తమదేశమున వివాహములకు ప్రసిద్ధమైన ఇజుమో దేవాలయము పేరిట ఇజుమో అని నామకరణము చేసిరి. ఇది లేని మగయెలుకల శుక్రకణములు చక్కగ నీదును, సంసిద్ధి నందును, కవచమును దాటును; అండముపొరను తాకియు దానితో నేకము కాలేవు. దీని జోడు అండముపొరమీద నున్నదని 2014లో ఇంగ్లండువారు కనుగొని, రోమకుల వివాహదేవతయైన జూనో పేరు పెట్టిరి. రెండు దేశములవారును పేరు పెట్టుటలో పెండ్లినే తలచిరి. ఒక శుక్రకణము కలసిన అఱగంట ముప్పావుగంటలో అండముమీది జూనో రాలిపోవును; ఆవల వచ్చినవానికి పట్టు దొరకదు.

ఇదంతయు మన రైతులకు పోల్చి చెప్పవలెనన్న, వడ్లు మండెకట్టుట చాలును. గాదెలోని విత్తనపువడ్లు పొడిగ, బిగువుగ నుండును, నెలలతరబడి నిలుచును, కాని తిన్నగ అవియే మొలకెత్తవు. ఒకదినము నానవేసి, గోనెలో మూటగట్టి బరువుపెట్టి మండెకట్టిన, మఱుసటిదినమునకు ముక్కు పగులును. పగిలినవానిని నారుమడిలో చల్లవలసినదే. ఇక గాదెకు పోవు. సంసిద్ధినందిన శుక్రకణమును అట్టిదే. దాని పొర సడలినది, నడకకు శక్తి విశేషముగ వ్యయమగుచున్నది, టోపీ పగులుటకు సిద్ధముగ నున్నది. అండము కొన్ని గంటలలో దొరకెనా సరి, లేకున్న నశించును. ముందుగ సిద్ధమైన చెడును. సిద్ధముకాక చేరిన పనికిరాదు. ఈ పోలిక అన్నిచోట్ల చెల్లదు. నానిన వడ్లను ఎండబెట్టి మఱల గింజ చేయలేము, శుక్రకణమును మాత్రము చాంగుగారు వెనుకకు మఱల్చి చూపిరి. అయినను వేళయొక్క సూక్ష్మ మిందువలన బోధపడును.

అందుచేతనే ప్రకృతి అన్నిటిని ఒకేసారి మండెకట్టదు. ఏ సమయమునందైనను కొద్దిపాలు మాత్రమే సంసిద్ధస్థితిలో నుండును. అవి చెడగా మఱికొన్ని సిద్ధమగును. పశువులయందు గర్భాశయమునుదాటి అండనాళపు మొదటిభాగమునకు చేరిన కణములు అచటి గోడనంటి నిలుచును. కోట్లకొలది బయలుదేరినవానిలో అచటికి చేరునవి వేలు, ఆపైన అండముదాక బోవునవి మఱియు స్వల్పము. గోడనంటినంతకాలము అవి బిగువుగ నిలువయుండును. అండము విడుదలయగువేళకు, సంసిద్ధి నందినవి నందినట్లు గోడను విడిచి పైకిపోవును. ఆ నాళము గాదెయు నదియే, మండెకట్టు గోనెయు నదియే.

ఇప్పుడు మా బావ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. మనదేశమున కృత్రిమ గర్భధారణము 1939లో మైసూరు రాజప్రాసాదపు డెయిరీయందు సంపత్‌కుమారన్‌గారు ఆరంభించిరి. నాడు తాజా వీర్యమే వాడెడివారు. 1949లో ఇంగ్లండున పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు గ్లిసరిన్ చేర్చిన కోడిపుంజు వీర్యము గడ్డకట్టి కరగినను బ్రతుకునని కనుగొనిరి. నేడు సన్నని గొట్టములలో నింపి, ద్రవనైట్రొజనున సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో నుంచుచున్నారు. అచట గడియారము నిలిచిపోవును. ఒక యేడైనను ఇరువదియేండ్లైనను భేదము లేదు. మా బావ చెప్పిన దంతవఱకు నిజమే.

కాని గడ్డకట్టునప్పుడును కరగునప్పుడును పొరకు దెబ్బ తగులును. క్రొవ్వువరుసలు చెదరును, కొలెస్టరాల్ కొంత పోవును, కాల్షియము లోనికి కాఱును. ఈ మార్పులు మే మిదివఱకు చెప్పిన సంసిద్ధిని పోలియుండును. అనగా కరగిన గొట్టములోని కణములలో చాలభాగము సగము మండెకట్టిన వడ్లవంటివి. తాజా కణములు ఆవు శరీరములో ఒకదినమునకు మించి నిలువగలిగిన, ఇవి అంతకాలము నిలువలేవు. ఇక అండము సంగతి. ఆవులయందు ఎదలక్షణములు ముగిసిన పది మొదలు పదునాలుగు గంటలకు అండము విడుదలయగును. విడుదలయైన అండము మంచిగ నుండునది ఆఱు మొదలు పండ్రెండు గంటలే. గేదెలయందును సుమా రిట్టిదే గాని తేడా లెక్కువ. కాబట్టి ఎద మొదట కనబడగనే సూది వేయించిన, అండము వచ్చుసరికి బీజము చెడును. మఱుదినమంతయు ఆలస్యము చేసిన, బీజము సిద్ధమగుసరికి అండము చెడును. ప్రొద్దుట ఎద గుర్తించిన సాయంకాలము, సాయంకాలము గుర్తించిన మఱునాటి ప్రొద్దుట అను నియమము ఈ రెండు గడువుల నడుమ కుదిర్చినది. గేదెలతో వేఱొక కష్టము. వేసవియందు ముఖ్యముగ అవి మూగయెదకు వచ్చును. అఱవవు, చేపవు, లక్షణములు సన్నగిలియుండును. మన కంటబడుసరికే సగము కాలము గడచియుండును.

మనుష్యుల సంగతియు చెప్పి ముగించెదను. పొర రహస్యము తెలిసినతోడనే గాజుపాత్రలోని ప్రయత్నములు ఫలింప నారంభించెను. 1959లో చాంగుగారు సంసిద్ధినందిన కణములను తీసికొని కుందేలు అండములను బయట ఫలింపజేసి, వేఱొక కుందేలు గర్భమునందుంచగా పిల్లలు పుట్టినవి. 1963లో యనగిమాచి, చాంగ్ అనువారు చిట్టెలుకజాతిదగు హామ్‌స్టరు శుక్రకణములను శరీరముతో పనిలేక పాత్రలోనే అండములతో కలిపి ఫలింపజేసిరి. 1969లో కేంబ్రిడ్జియందు ఎడ్వర్డ్స్, బావిస్టర్, వైద్యులైన స్టెప్టోగారితో గూడి మనుష్యుల అండమును అట్లు ఫలింపజేసిరి. వాడిన ద్రవము బావిస్టరుగారు హామ్‌స్టర్ల కొఱకు సిద్ధము చేసినదే. తరువాత తొమ్మిదేండ్లకు, 1978 జూలై 25వ తేదీన, ఇంగ్లండున ఓల్డమ్ అను పట్టణమున మొదటి బిడ్డ పుట్టినది. ఆ పనిలో ఎడ్వర్డ్స్, స్టెప్టోలతోపాటు జీన్ పర్డీ అను స్త్రీ చేసిన సేవ చాలకాలము మఱుగున బడినది. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన కలకత్తాయందు డాక్టరు సుభాష్ ముఖర్జీగారి కృషివలన ఒక ఆడశిశువు జనించెను. ఆయనకు దక్కవలసిన గౌరవము 1981లో ఆయన మరణించిన చాలయేండ్లకు గాని దక్కలేదు. 1992నాటికి, శుక్రకణము నొక్కదానిని సూదితో తిన్నగ అండములోనికి దింపు పద్ధతి బెల్జియమున ఫలించి శిశువులు పుట్టిరి. ఈ పద్ధతిలో పొర సిద్ధము కాకున్నను, తోక కొట్టుకొనకున్నను, ఇజుమో లేకున్నను పని జరుగును. ద్వారములన్నియు దాటించి లోన దించుటయే గనుక.

మీలో పెద్దమనుష్యులుగ తీర్పులు చెప్పువా రున్నారు. నేనును చెప్పితిని. ముప్పదియేండ్లక్రిందట మా యూర నొక యింట పెండ్లియైన ఆఱేండ్లకును బిడ్డలు కలుగలేదు. కోడలిని పుట్టింటికి పంపి వేఱొక సంబంధము చేయుటకు పెద్దలు కూడిరి. ధర్మము తెలిసినవాడనని నన్నును పిలిచిరి. మగవాడు ఆరోగ్యవంతుడు, బలిష్ఠుడు. బీజమునందు దోష మేమి యుండును, పొలము చవుడైనపుడు విత్తనము నేమనగలమని నేను నలుగురియెదుట పలికితిని. ఆమె తలుపువెనుక నిలిచి విన్నది. కాగితము వ్రాయించి ఆమెను పంపివైచిరి. అతనికి రెండవ పెండ్లి జరిగినది. ఆ రెండవయామెకును బిడ్డలు కలుగలేదు. అతని నెవ్వరును పరీక్ష చేయించుకొమ్మని యడుగలేదు, నేనును అడుగలేదు.

బిడ్డలు కలుగని జంటలలో సుమారు సగమునందు పురుషుని పక్షమునగూడ లోపము కనబడుచున్నదని వైద్యుల యనుభవము. అట్టి యొకరి సంగతి యడిగి, శుక్రపరీక్షయం దేమి చూతురని మా తమ్ముని కుమార్తెతో ననగా, "సంఖ్య, కదలిక, ఆకారము చూస్తారు, పెదనాన్నా. పొర సిద్ధమవుతుందో లేదో మామూలు పరీక్షలో తెలియదు" అన్నది. కోట్లలో నున్నవి, చుఱుకుగ నీదుచున్నవి అని కాగితమున వచ్చినను పొర సడలక, టోపీ పగులక, ద్వారము తెఱచుకొనక ఆగిపోవువి కొందఱియందు కలవు. నాడు నేను చూచినది ఆ మగవాని కండలు మాత్రమే. ఇరువురును కలసి వైద్యునికడకు పొండని యొక్కమాట యన్న చాలియుండెడిది. ఆమె యిప్పుడు వేఱొక యూర కుట్టుపని చేసికొని బ్రతుకుచున్నదని విన్నాను. ఈ ప్రసంగము వినునో లేదో యెఱుగను.

మా బావకు ఈ కథ యంతయు అరుగుమీదనే చెప్పితిని. ఆయన ఓపికగ విని, "అయితే పొద్దుటి ఎదా సాయంత్రం ఎదా అన్నది మేము సరిగ్గా చూడనేలేదు బావా, పాలుపితికేటప్పుడు చూసిందే లెక్క" అన్నాడు. అప్పటినుండి కొట్టముగోడమీద బొగ్గుతో వేళలు వ్రాయుచున్నాడు. రాత్రి పడుకొనబోవుటకు ముందొకమాఱు, తెల్లవారుజామున నొకమాఱు లాంతరుతో పోయి చూచుచున్నాడు. నాలుగవమాఱు సూది వేయించి రెండు నెల లగుచున్నది. గేదె ఇంకను తిరగపొర్లలేదు. వచ్చేనెలలో చూడిపరీక్ష చేయింతురు.